వంటగట్టు రాయి ముందు, కప్‌బోర్డుల రంగు తర్వాత: బెంగళూరు ఫ్లాట్‌లో కిచెన్ మార్చుకునేవాళ్ళకి

మొదటి ఫ్లాట్‌లో మేం చేసిన తప్పు ముందు చెప్పేస్తాను. కప్‌బోర్డుల రంగు ముందు ఖాయం చేసుకున్నాం. షోరూంలో పసుపు లైట్ల కింద ఆ బూడిదరంగు లామినేట్ (తలుపుల మీద అంటించే రంగు షీటు) ఎంతో హుందాగా ఉంది. ఇంట్లో బిగించి తెల్ల ట్యూబులైటు వేసేసరికి నీలంగా, స్కూలు యూనిఫాంలాగా కనిపించింది. ఇక ఆ నీలానికి సరిపోయే రాయి కోసం మూడు వారాలు తిరిగాం, దొరకలేదు, విసుగొచ్చి చేతికందిన నల్లరాయి వేయించాం. ఏడేళ్ళు దానితోనే వండాను.

ఇప్పుడున్న ఫ్లాట్‌లో కిచెన్ మార్చేటప్పుడు వరస తిరగేశాం. రాయి ముందు, రంగు తర్వాత. ఎందుకంటే లామినేట్ కేటలాగుల్లో వందల రంగులుంటాయి, ఏ రాయి తెచ్చినా దానికి కలిసేది ఒకటి దొరుకుతుంది. రాయి అలా కాదు, రాళ్ళు అమ్మే యార్డులో ఆ రోజు ఏ స్లాబ్ నిలబెట్టి ఉంటే అదే. పైగా కప్‌బోర్డు తలుపులు పదేళ్ళకి మార్చుకోవచ్చు, గట్టు పగలగొట్టడం మాత్రం ఇల్లంతా దుమ్ముకొట్టుకుపోయే పని.

బయల్దేరే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: ఇప్పుడున్న గట్టు అసలు తీయాలా? చాలా అపార్టుమెంట్లలో బిల్డరే గ్రానైట్ గట్టు వేసి ఇస్తాడు. రాయి పగుళ్ళు లేకుండా ఉండి, ఎత్తు మీకు సరిపోతే, దాన్ని ఉంచేసి రంగుతోనే కిచెన్ మొహం మార్చేయొచ్చు. "పాతది కదా" అన్న ఒక్క కారణానికి తీయకండి, గ్రానైట్‌కి ఇరవై ఏళ్ళు వయసే కాదు. అంచు అరిగి ఉంటే మళ్ళీ పాలిష్ పట్టిస్తారు.

తీయాల్సిందే అనుకుంటే ఎత్తు చూడండి. నిటారుగా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి, అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే మీ గట్టు ఎత్తు వస్తుంది. నాకు మోచెయ్యి 39 అంగుళాలు, గట్టు 34 పెట్టించుకున్నాను. ఇంట్లో ఎవరు ఎక్కువ వండుతారో వాళ్ళ మోచెయ్యే లెక్క, ప్లాన్ గీసిన డిజైనర్‌ది కాదు. హాబ్ (గట్టులో కన్నం చేసి అమర్చే స్టవ్) కాకుండా మామూలు స్టవ్ పెట్టేవాళ్ళకి పొయ్యి ఇంకో నాలుగంగుళాలు పైకి లేస్తుంది, ఆ పైన ఇడ్లీ పాత్ర ఎక్కితే మూత తీయడానికి మునివేళ్ళ మీద లేవాలి. ఇదీ లెక్కలో పెట్టుకోండి.

తర్వాత నీళ్ళు. దీన్ని ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీ కొళాయిలో కావేరీ నీళ్ళా, బోరు నీళ్ళా, ట్యాంకరా? బోరు, ట్యాంకరు నీళ్ళు గట్టు మీద ఆరితే తెల్లగా ఉప్పు మరకలు కడతాయి. మెరిసే నల్లరాయి మీద, ముఖ్యంగా సింకు చుట్టూ, ఆ తెల్లటి చారలు ముగ్గు ఆరినట్టు కనిపిస్తాయి. పాత ఫ్లాట్‌లో రోజూ రాత్రి పొడిగుడ్డతో తుడిస్తే తప్ప మరుసటి రోజు నల్లరాయి నల్లగా ఉండేది కాదు.

మాది ఒంగోలు వైపు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అంటే ప్రపంచమంతా తెలుసు, నల్లటి ఆకాశంలో బంగారు చుక్కల్లాంటి ఆ రాయి మా ప్రకాశం జిల్లాది. ఆ చుక్కలు బంగారమేమీ కాదు, బ్రోంజైట్ అనే ఖనిజం. "మన ఊరి రాయి కాకుండా వేరేది ఏంటే?" అని మా నాన్న ఫోన్లో గొడవ. బోరు నీళ్ళకి భయపడి నేను స్టీల్ గ్రే అనే బూడిదరంగు గ్రానైట్ పెట్టించాను. అదీ మా వైపు రాయే కాబట్టి ఆయన శాంతించారు. బూడిదరంగు మీద ఉప్పు చారలు, బియ్యప్పిండి, పొద్దున్న తుడవని టీ చుక్కలు ఏవీ దూరం నుంచి కనపడవు.

ఇక వెలుతురు. మన బెంగళూరు ఫ్లాట్లలో చాలావాటికి కిచెన్‌కి నేరుగా కిటికీ ఉండదు, యుటిలిటీ బాల్కనీ తలుపులోంచి వచ్చే వెలుతురే దిక్కు, అక్కడ వాషింగ్ మెషీను, ఆరేసిన బట్టలు అడ్డం. మిట్టమధ్యాహ్నం లైటు వేయకుండా కిచెన్‌లో నిలబడి పప్పులో రాళ్ళు ఏరగలరా? ఏరలేకపోతే ముదురు రాయి, ముదురు కప్‌బోర్డు రెండూ కలిపి పెట్టుకోకండి.

కొలత, లెక్క

కాగితం మీద గీసుకుని వెళ్ళకపోతే యార్డులో వాళ్ళు చెప్పిందే లెక్క అవుతుంది. ఎల్ ఆకారం గట్టు, ఒకవైపు 10 అడుగులు, ఇంకోవైపు 7 అడుగులు, లోతు 2 అడుగులు అనుకుందాం. మూల రెండుసార్లు లెక్కపెట్టకూడదు కాబట్టి 10×2, ఆ తర్వాత (7−2)×2, మొత్తం 30 చదరపు అడుగులు. గోడవారగా 4 అంగుళాల పట్టీ అదే రాయితో వేయిస్తే 17 అడుగుల గోడకి ఇంకో ఆరు దాకా. కోతలో పోయేది కలుపుకుంటే 40 అనుకోవచ్చు. అయితే స్లాబ్ మొత్తం కొనాల్సి వస్తే అది యాభై అడుగులు దాటొచ్చు. అందుకే రెండు రెండున్నర అడుగుల వెడల్పుతో వచ్చే చిన్న స్లాబులు, కట్టర్ స్లాబులంటారు, మీకు నచ్చిన రాయిలో ఉన్నాయేమో అడగండి, గట్టుకి అవి చక్కగా సరిపోతాయి, వృథా తగ్గుతుంది.

రేటు అడిగేటప్పుడు చదరపు అడుగు ధర ఒక్కటే అడిగి సంబరపడొద్దు. కోత, అంచు గుండ్రంగా పాలిష్ పట్టడం (అది అడుగుల లెక్కన), సింకు, హాబ్ కన్నాలు, రవాణా, పై అంతస్తుకి ఎక్కించే కూలి, జీఎస్టీ, ఇవన్నీ కలిపి ఒక అంకె చెప్పమనండి. ఎక్కించే కూలి తక్కువేం కాదు. 18 ఎంఎం గ్రానైట్ చదరపు అడుగు నాలుగున్నర కిలోలు తూగుతుంది, అంటే పదడుగుల గట్టు ముక్క 90 కిలోలు. అది లిఫ్టులో పట్టకపోతే మనుషులు మెట్ల మీద మోయాలి. లిఫ్టు ఎత్తు ముందే కొలిచి పెట్టుకోండి, అతుకు ఎక్కడ రావాలో అదే తేలుస్తుంది.

ఏ రాయి

గ్రానైట్: మన వంటకి ఇంకా ఇదే రాజు. మూకుడు పొయ్యి మీంచి దించి నేరుగా పెట్టినా పట్టించుకోదు, చింతపండు రసం ఒలికినా చెక్కు చెదరదు. కాకపోతే దానికి సన్నటి రంధ్రాలుంటాయి, లేతరంగు రాళ్ళలో ఇంకాస్త ఎక్కువ. నూనె, పసుపు లోపలికి పోకుండా సీలర్ పట్టించాలి. ముదురు రంగు కావాలంటే కరీంనగర్ టాన్ బ్రౌన్ కూడా చూడండి, గోధుమ, ఎరుపు మచ్చల మీద మన పోపు మరకలు కలిసిపోతాయి. కాకపోతే మచ్చల రాయికి మచ్చల టైల్స్, చెక్కగీతల లామినేట్ జోడిస్తే కళ్ళు తిరుగుతాయి, దానికి చుట్టూ సాదా రంగులే ఉండాలి.

క్వార్ట్జ్: ఇప్పుడందరూ అడిగేది ఇదే, తెల్లగా, బూడిద గీతలతో, ఫోన్లో చూసిన కిచెన్‌లాగా. ఇది ఫ్యాక్టరీలో తయారయ్యేది, సుమారు తొంభై శాతం క్వార్ట్జ్ రాతిపొడి, మిగతాది ప్లాస్టిక్ జాతి రెసిన్. రంధ్రాలు లేవు, సీలర్ అక్కర్లేదు. కానీ ఆ రెసిన్ వేడికి తట్టుకోదు, పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే గుండ్రటి మచ్చ పడి ఉండిపోతుంది. కుదురు వాడే అలవాటు ఉన్న ఇల్లయితే సరే. మా ఇంట్లో పండక్కి నలుగురు ఆడవాళ్ళం ఒకేసారి వండుతాం, ఎవరు ఎక్కడ ఏం దించుతారో తెలియదు, అందుకే వద్దనుకున్నాను. ఎండ నేరుగా పడే యుటిలిటీ గట్టుకి కూడా ఇది పనికిరాదు, రంగు మారుతుంది.

ఇంకో మాట. క్వార్ట్జ్ పొడిగా కోస్తే వచ్చే సిలికా దుమ్ము కోసేవాళ్ళ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, ఆస్ట్రేలియా ఈ కారణంతోనే 2024 జులై 1 నుంచి ఇలాంటి కృత్రిమ రాయిని నిషేధించింది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంటుంది, క్వార్ట్జ్ కంటే తక్కువ, అంతే. ఏ రాయైనా కోత యార్డులోనే, నీళ్ళు పోస్తూ చేయించండి. మిగిలిన చిన్న కోత ఇంట్లో తప్పకపోతే నీళ్ళు పెట్టే కోయమనండి, పనివాళ్ళకి ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి.

మార్బుల్: దేవుడి గదికి. కిచెన్‌లో నిమ్మకాయ కోసిన రోజే మెరుపు పోయి మచ్చ పడుతుంది, అది మరక కాదు, పులుపుకి రాయే కరగడం. పులిహోర తినే ఇంట్లో మార్బుల్ గట్టు వద్దు.

నానో వైట్: ఇదీ ఫ్యాక్టరీలో తయారయ్యేదే, గాజు జాతి తెల్లరాయి. షోరూంలో పాలరాయిని తలదన్నుతుంది. అంచు పెచ్చు లేస్తే సరిచేయడం కష్టం, మన ఇత్తడి బిందెలూ రోలూ ఉన్న చోట నేనైతే పెట్టను.

జిగణిలో ఒక పూట

బెంగళూరులో గ్రానైట్ కొనాలంటే బన్నేరుఘట్ట దాటి జిగణి వెళ్ళడమే. కాలనీలో ఉన్న రాళ్ళ దుకాణంలో నాలుగు శాంపిల్ ముక్కలు చూసి ఆర్డరిస్తే ముక్క ఒకటి, వచ్చే స్లాబ్ ఇంకోటి. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం ఎండలో పాలిష్ రాయి అద్దంలా మెరిసి రంగు తెలీదు.

మేం వెళ్ళిన యార్డులో కుర్రాడు స్లాబ్ మీద మగ్గుతో నీళ్ళు కొట్టి, "చూడండక్కా, ఎలా మెరుస్తుందో" అన్నాడు. తెలుగులోనే అన్నాడు, దర్శి వాడట. తడిసిన ప్రతి రాయీ అందంగానే ఉంటుంది. "ఆరాక చూస్తాంలే తమ్ముడూ" అని పక్కన కూర్చున్నాం. పది నిమిషాలకి స్లాబ్ అంతా ఆరింది, కానీ కింద కుడి మూల నుంచి పైకి ఒక సన్నటి గీత మాత్రం తడిగానే ఉండిపోయింది. గోరుతో అడ్డంగా గీశాను, గోరు తగిలింది. పగులు. వాడు నవ్వి పక్క స్లాబ్ చూపించాడు. నీళ్ళు కొట్టడం మంచిదే, అయితే అది మెరుపు చూడ్డానికి కాదు, ఆరేటప్పుడు చూడాలి.

మరీ నల్లగా, మచ్చ లేకుండా, చవగ్గా ఉన్న నల్లరాయి కనిపిస్తే దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది ఒక మూల రుద్దండి. దూది నల్లబడితే రాయికి రంగేశారు, కొన్నాళ్ళకి సింకు దగ్గర బూడిదరంగు తేలుతుంది. స్లాబులు రెండు కావాల్సి వస్తే పక్కపక్కనే కోసినవి, ఒకే వరస నంబర్లవి తీసుకుని, వెనకవైపు మీ పేరు మార్కర్‌తో రాసి ఫోటో తీసుకోండి. బయటికొచ్చేటప్పుడు అదే స్లాబ్ ముక్క ఒకటి, అరచేయంత, అడిగి తెచ్చుకోవాలి. ఇది లేకపోతే రంగుల పని మొదలవ్వదు.

(ఇంట్లో పిల్లలుంటే లాల్‌బాగ్ తీసుకెళ్ళి కెంపేగౌడ గోపురం ఉన్న బండ చూపించండి, దాదాపు మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. గట్టుకి గ్యారంటీ ఎన్నేళ్ళని మా ఆయన అడుగుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.)

పసుపు పరీక్ష

రాతి ముక్కలు, లామినేట్ శాంపిళ్ళు అన్నీ ఇంటికి తెచ్చాక ఒక రాత్రి వాటిని బాధ పెట్టండి. నేను చేసింది: ఒక్కో ముక్క మీద నూనెలో కలిపిన పసుపు చెంచాడు, పక్కన చింతపండు గుజ్జు, ఇంకో మూల ఆవకాయ ఊట. గిన్నె బోర్లించి పొద్దున్న దాకా వదిలేశాను. పొద్దున్న తుడిస్తే స్టీల్ గ్రే మీద ఏమీ లేదు, తెల్ల క్వార్ట్జ్ మీద లేత పసుపు నీడ, గరుకు తెల్ల లామినేట్ మీద గీతల్లోకి దూరిన పసుపు. సబ్బు పెట్టి రుద్దేసరికి ఆ పసుపు కాస్తా ఎర్రబడింది! పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం తెలిసిన వాళ్ళం, ఆశ్చర్యం అక్కర్లేదు, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కడిగేస్తే మళ్ళీ పసుపే. రెండు రోజులు ఎండలో పెడితే చాలామటుకు వెలిసిపోయింది. కానీ గట్టుని బాల్కనీలో ఎండబెట్టలేం కదా.

రాతికి ఇంకో పరీక్ష, ముక్క మీద నాలుగు నీటి చుక్కలు వేసి పావుగంట ఆగడం. చుక్క కింద రాయి ముదురైతే నీళ్ళు పీలుస్తోందన్నమాట, సీలర్ లేకుండా వాడకూడదు.

ఇప్పుడు రంగులు

రాతి ముక్కని గట్టు మీద పడుకోబెట్టండి, లామినేట్ శాంపిల్‌ని మాత్రం కప్‌బోర్డు తలుపులాగా నిలబెట్టండి. చాలామంది రెండిటినీ టేబుల్ మీద పక్కపక్కన పడుకోబెట్టి చూస్తారు, తలుపు ఎప్పుడూ పడుకుని ఉండదు, వెలుతురు దాని మీద వేరేగా పడుతుంది. పొద్దున్న ఏడింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి లైటు వేశాక, మూడుసార్లు చూడండి. ఫ్లోర్ టైల్ కూడా ఆ చూపులో ఉండాలి, అది మారదు కాబట్టి.

బల్బు సంగతి ముందే తేల్చుకోండి. 6500 కెల్విన్ తెల్ల లైటు బూడిదని నీలం చేస్తుంది, 3000 కెల్విన్ పసుపు లైటు తెలుపుని మీగడ చేస్తుంది. కిచెన్‌కి 4000 నాకు నచ్చింది, టమాటా టమాటాలాగే కనిపిస్తుంది. మా పాత నీలం గొడవంతా ఇదే, షోరూం లైటు వేరు, మా లైటు వేరు.

తెలుపుల్లో కూడా తేడాలుంటాయి. ఒక తెల్లకాగితం తెచ్చి శాంపిల్ పక్కన పెడితే అది పసుపువైపు మొగ్గుతోందా, నీలంవైపా అన్నది వెంటనే తెలుస్తుంది. రాయి గోధుమ ఛాయదైతే మీగడ తెలుపు, రాయి బూడిదదైతే చల్లటి తెలుపు. ఈ రెండూ తారుమారైతే తెల్ల కప్‌బోర్డు పాతబడినట్టు కనిపిస్తుంది, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు.

నేను చూసినవాటిల్లో బాగా కుదిరినవి చెప్తాను. నల్లరాయికి కింద టేకు రంగు చెక్కగీతల లామినేట్, పైన మీగడ తెలుపు. స్టీల్ గ్రేకి కింద ముదురాకుపచ్చ, పైన తెలుపు, ఇది మాది. టాన్ బ్రౌన్‌కి పైనా కిందా లేత గంధం రంగు. తెల్ల క్వార్ట్జ్‌కి కింద చెక్క రంగు, పైన కూడా తెలుపే కానీ మెరుపు లేనిది. టాన్ బ్రౌన్ తప్ప మిగతా అన్నిటిలోనూ ముదురు కింద, లేత పైన. కింద కాళ్ళ తన్నుడూ, మాపు నీళ్ళూ, పైన వెలుతురు, అందుకు. "ఎరుపు పెట్టు, ఆగ్నేయానికి మంచిది" అని మా అత్తయ్య. ఎర్రటి కారం డబ్బాలు పెడతానని ఒప్పించాను.

మెరుపా, మ్యాటా అన్నది రంగుకంటే పెద్ద నిర్ణయం. మెరిసే ఎక్రిలిక్ షీటు మీద నూనె వేళ్ళ ముద్రలు, గీతలు కనిపిస్తాయి, అయితే తుడిస్తే పోతాయి. గరుకు గీతల లామినేట్ మీద ముద్రలు కనపడవు, కానీ పొయ్యి పక్కన గీతల్లో జిడ్డు పేరుకుంటుంది, దానికి టూత్‌బ్రష్షే గతి. నున్నటి మ్యాట్ మధ్యస్థం. పొయ్యికి అటూ ఇటూ ఉన్న తలుపులు మాత్రం నున్నగానే ఉండాలి. తెల్లటి పీవీసీ మెంబ్రేన్ తలుపులు (పైన ప్లాస్టిక్ పొర అంటించినవి) పొయ్యి దగ్గర వద్దు, వేడికి పసుపుబారి అంచుల దగ్గర లేస్తాయి.

రంగు ఖాయమయ్యాక లామినేట్ షీట్లన్నీ ఒకే బ్యాచ్‌వి తెప్పించి, ఒక 8×4 షీట్ అదనంగా దాచుకోండి. చెక్కగీతలు నిలువా అడ్డమా అన్నది కోతకి ముందే కార్పెంటర్‌కి రాసివ్వాలి, నోటి మాట వద్దు.

లోపలి ప్లైవుడ్ గురించి రెండు ముక్కలే: సింకు కింద, యుటిలిటీ పక్కన ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లై (నీళ్ళకి తట్టుకునే రకం) వాడండి, పై కప్‌బోర్డులకి అంత అక్కర్లేదు. ముద్ర షీటు మీద మీ కళ్ళతో చూడండి, బిల్లు మీద కాదు.

బిగించే రోజు

కింది కప్‌బోర్డు డబ్బాలు ముందు, తర్వాత రాయి, ఆ తర్వాత గోడ టైల్స్, చివర తలుపులు. టైల్స్ ముందే వేసేస్తే రాయికీ టైల్‌కీ మధ్య సందు వస్తుంది, బొద్దింకలకి అదే ఇల్లు.

రాయి దించుతుండగా మీరు ఇంట్లో ఉండండి. సింకు కన్నం ముందూ వెనకా ఉండే సన్నటి పట్టీలే మోతలో విరుగుతాయి, అక్కడ ఇద్దరు పట్టుకోవాలి. అతుకు సింకు మీదకి గానీ హాబ్ మీదకి గానీ రాకుండా చూడండి. గట్టు అంచు కింద, లోపలివైపు, సన్నటి గాడి పెట్టించమని యార్డులోనే చెప్పాలి, ఒలికిన నీళ్ళు తలుపుల మీదకి జారకుండా అక్కడే కారిపోతాయి. చాలామంది మేస్త్రిలు అడిగితేనే పెడతారు.

బిగించాక గట్టు మీద నాలుగు చోట్ల చెంబెడు నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి. గోడవైపు పోతే ఒప్పుకోవద్దు. సందుల్లో నింపిన సిలికాన్ ఒక రోజు ఆరాలి, సీలర్ పట్టించాక కూడా ఆ రోజు తడి తగలకూడదు, కాబట్టి రెండు రోజులు భోజనం బయటే. చివరి డబ్బు ఈ నీళ్ళ పరీక్ష అయ్యాకే ఇవ్వండి.

సింకు కోసం కోసిన ముక్క కూడా మీకే చెందుతుంది, దానికీ డబ్బు కట్టారు. అడక్కపోతే వాళ్ళ ఆటోలో వెళ్ళిపోతుంది. మా ముక్కకి అంచులు పాలిష్ పట్టించాం, ఇప్పుడు చపాతీలన్నీ దాని మీదే ఒత్తుతున్నాను.